నడిమి గిన్నె ఆఖరున

"పట్టేసుకుంటారక్కా. ఇవాళ కాకపోతే రేపు పట్టేసుకుంటారు. నిలబెట్టి, పుస్తకం మధ్యలో ఎక్కడో వేలు పెట్టి, ఇక్కణ్ణుంచి చదువమ్మా అంటారు. అంతే. మూటాముల్లే సర్దుకోవడమే."

ఆ మాట అంటూనే జైనప్ పిండి లాగుతోంది. రెండు చేతుల మధ్య ముద్ద సాగి తాడైంది. తాడు మడతపడి రెండు పేటలైంది. బల్ల మీద ఫెళ్ళున చరిచి మళ్ళీ లాగితే నాలుగైంది. భయపడుతున్న మనిషి చేతుల్లా లేవవి. చైనాలో లాన్‌జౌ నగరంలోని విదేశీ విద్యార్థుల హాస్టల్లో, మూడో అంతస్తు ఉమ్మడి వంటగదిలో, అంత సన్నగా నూడుల్స్ లాగగలిగినవాళ్ళు ఇంకొకరు లేరు.

పొయ్యి దగ్గర నిగోరా రెండేళ్ళ కూతురు మెహ్రీని చంకన వేసుకుని మాంసం పులుసు కలుపుతోంది. తజికిస్తాన్ మనిషి. రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. భర్తా ఇదే విశ్వవిద్యాలయంలో ఉన్నాడు. జైనప్ మాటలకి ఆమె పకపకా నవ్వింది.

"నీకు చైనీస్ రాదా? పొద్దున కూరలమ్మే ఆవిడతో అరగంట పోట్లాడి రెండు ముల్లంగులు కొసరు తెచ్చావు. నేనొచ్చి నాలుగేళ్ళయింది, నాకింకా ఉప్పు అడగడమే సరిగ్గా రాదు."

"పోట్లాడ్డం వచ్చక్కా. చదవడం రాదు. ఒక్క అక్షరమంటే ఒక్కటి రాదు."

గరిటె ఆగింది. "మరి మూడో తరగతిలో ఎలా కూర్చున్నావే?"

"నేనెక్కడ కూర్చున్నాను? వాళ్ళే కూర్చోబెట్టారు."

అది నిజమే. జైనప్‌ది కిర్గిజ్‌స్తాన్‌లో రాజధానికి దగ్గర్లో ఉన్న మిల్యాన్‌ఫాన్ అనే ఊరు. ఊళ్ళో ఎక్కువమంది దుంగాన్లే. నూట నలభై చిల్లర ఏళ్ళ కిందట, యుద్ధం తరుముతుంటే, చలికాలంలో మంచుకొండలు దాటి చైనా నుంచి అటు వెళ్ళిపోయిన ముస్లింల సంతతి వాళ్ళు. వెళ్ళేటప్పుడు భాషని నోట్లో పెట్టుకుపోయారు గాని అక్షరాలని ఇక్కడే వదిలేశారు. దాటినవాళ్ళలో సేద్యగాళ్ళు, బండి తోలేవాళ్ళే ఎక్కువ. రాత తెలిసినవాళ్ళు ఎక్కడో ఒకరు. తరవాత రాసుకునే రోజులు వచ్చినప్పుడు ఆ భాషనే రష్యన్ లిపిలో రాసుకున్నారు. అందుకని మిల్యాన్‌ఫాన్ పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ చైనీస్ గలగలా మాట్లాడుతుంది. చైనా అక్షరం చూపిస్తే మాత్రం కోడి కెలికిన నేలని చూసినట్టు చూస్తుంది.

చైనీస్ చదవడానికి స్కాలర్‌షిప్ వస్తే ఊరికి ఆ తేడా పట్టలేదు. "దానికి వాళ్ళు నేర్పేదేముంది? ఇదే వాళ్ళకి నేర్పి వస్తుంది" అని సాగనంపారు. జైనప్‌కి పందొమ్మిదేళ్ళు. ఊరు అంత నమ్మకంగా అంటే తనూ సగం నమ్మింది.

తరగతులు విడదీసే ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. జైనప్ తలుపు దగ్గరే ఆగి, నానమ్మ నేర్పిన మర్యాద ప్రకారం చేతులు కట్టుకుని, "దొరవారూ, తమరి కచేరీలో ఈ చిన్నదాని పేరు కూడా ఎక్కించుకుంటారా?" అంది. ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఏ దేశం నుంచి ఎలా వచ్చావని అడిగితే, విమానానికి తన ఊరి మాటే వాడి, ఎగిరే పడవలో వచ్చానంది. వాళ్ళకి చచ్చిపోయిన ముత్తాత లేచొచ్చి మాట్లాడినట్టుంది. పెద్దాయన నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. గంటసేపు ఊరి సంగతులు, పెళ్ళి సంగతులు, మిరపతోటల సంగతులు అడిగారు. రాయడం వచ్చా అని మాత్రం ఎవరూ అడగలేదు. వచ్చని ఆమె చెప్పలేదు. రాదనీ చెప్పలేదు. ముడి పడింది అక్కడే.

మూడో తరగతంటే చైనీస్ చదవడం, రాయడం ఇదివరకే వచ్చినవాళ్ళది. అందులో చేరినవాళ్ళు ఆరోవారం రాత పరీక్ష గట్టెక్కాలి. తప్పితే సీటు పోతుంది. కింది తరగతికి దిగే వీలు లేదు, స్కాలర్‌షిప్ కాగితాల మీద తరగతి సంఖ్య ఎక్కేసింది. ఇంటికి పోవాలి. పోయి, "ఇదే వాళ్ళకి నేర్పి వస్తుంది" అన్న ఊరికి మొహం చూపించాలి.

మూడు వారాలు ఎలా నెట్టుకొచ్చిందో చెబుతుంటే నిగోరా పొయ్యి మీది పులుసు సంగతే మరిచిపోయింది. పుస్తకంతోపాటు పాఠాలు చదివిన రికార్డింగ్ ఇచ్చారు. జైనప్ దాన్ని పదిసార్లు వింటే చాలు, పాఠం మొత్తం నోటికొచ్చేస్తుంది. తరగతిలో పుస్తకం తెరిచి పట్టుకుని గడగడా అప్పజెప్పేది. టీచరు చెప్పేవన్నీ రష్యన్ అక్షరాల్లో వేగంగా రాసుకునేది. వారం వారం డిక్టేషన్ ఉండే రోజున కడుపునొప్పి వచ్చేది.

పక్క కుర్చీ బే గారికి మాత్రం రెండోరోజే తెలిసిపోయింది. బే గారు కొరియా మనిషి, అరవై దాటినవాడు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి, రిటైరయ్యాక చదువుకోడానికి వచ్చాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న బెత్తం పుచ్చుకుని చైనా అక్షరాలు దిద్దించాడట, అచ్చుగుద్దినట్టు రాస్తాడు. నోరు విప్పితే మాత్రం ఆయన మాట ఆయనకి తప్ప ఇంకెవరికీ అర్థం కాదు.

"అమ్మాయీ," అన్నాడు ఓ మధ్యాహ్నం, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. "నేను... ముప్ఫై ఏళ్ళు... అద్దంలో... జనాన్ని చూశాను. కళ్ళు కదలకుండా... చదివేవాళ్ళని... చూళ్ళేదు."

జైనప్ పుస్తకం మూసేసింది. "చెప్పేస్తారా తాతగారూ?"

"చెప్తే... ఎవరికి అర్థమవుతుంది?" అన్నాడాయన. తన పెన్ను పైకెత్తి చూపించి, "నీ నోరు, నా చెయ్యి. కలిపితే... ఒక మంచి విద్యార్థి" అన్నాడు.

చివరికి పట్టుకున్నది తాన్ టీచరు. నలభై ఏళ్ళ సన్నటి మనిషి, ఎప్పుడూ వేడినీళ్ళ ఫ్లాస్కు చేతిలో ఉంటుంది. నాలుగోవారం డిక్టేషన్ రోజున జైనప్ కడుపు పట్టుకుని లేవబోతే, "కూర్చో అమ్మాయ్. నొప్పి తగ్గాక వెళుదువుగాని" అని పక్కనే నిలబడింది. నూటికి తొమ్మిది మార్కులొచ్చాయి. ఆ తొమ్మిదీ ఒకటి, రెండు, మూడు లాంటి అంకెలకి వచ్చినవి. తరగతి ఖాళీ అయ్యాక టీచరు ఆమె నోటుపుస్తకం తిరగేసింది. పేజీల కొద్దీ రష్యన్ అక్షరాలు.

"ఇదేమిటి?"

"మీరు చెప్పిందే టీచర్. అంతా ఉంది."

"ఏదీ, చదువు."

జైనప్ చదివింది. టీచరు మూడు వారాల్లో చెప్పిన ప్రతి మాటా, విసుక్కున్న మాటలతో సహా, పొల్లుపోకుండా వచ్చింది. తాన్ టీచరు కుర్చీలో కూలబడింది. కోపం రావాలా నవ్వు రావాలా తెలియనట్టుంది ఆమె మొహం.

"ఇంటర్వ్యూలో ఎందుకు చెప్పలేదే పిచ్చిపిల్లా?"

"అడగలేదు టీచర్."

"అడక్కపోతే చెప్పవూ?"

జైనప్ తల వంచుకుంది. చెప్పకపోవడం వెనక ఊరంతా ఉంది.

టీచరు బల్ల సొరుగులోంచి గళ్ళకాగితాల కట్ట తీసి ఇచ్చింది. చిన్నపిల్లలు దిద్దుకునేవి. ఒక్కో చదరంలో తొమ్మిది గళ్ళు, మూడు వరసలు. "ప్రతి అక్షరం ఈ తొమ్మిదింట్లో సర్దుకోవాలి. పదిహేను రోజులుంది. నేను షెన్ గారికి చెప్పను, నువ్వు కడుపునొప్పి తెచ్చుకోకు." షెన్ గారంటే విభాగాధిపతి. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు.

మూడు రోజులు జైనప్ ఆ కాగితాల మీద కుస్తీ పట్టింది. ఒక అక్షరానికి తల లావై కాళ్ళు ఇరుకున పడేవి. ఇంకోదానికి చెయ్యి గడి దాటి పక్కింట్లోకి పోయేది. రాత్రి నేర్చినవి తెల్లారేసరికి కలగాపులగం. నిగోరా లెక్కలు కట్టే మనిషి గనక గోడకి ఓ కాగితం అంటించి గీత గీసింది. రోజుకి ఇరవై రెండు నేర్వాలి, మర్నాడు పదిహేనైనా మిగలాలి. మొదటిరోజు ఆరు మిగిలాయి. రెండోరోజు నాలుగు. మూడోరోజు జైనప్ ఆ కాగితం కేసి చూడ్డం మానేసింది.

"రైల్లో ఇంటికి వెళ్ళాలంటే ఆల్మాటీ దాకా ఎన్నాళ్ళక్కా?" అని మాత్రం అడిగింది.

శుక్రవారం తువో పిన్ని కూతురి పెళ్ళి. తువో పిన్నిది కాలేజీ వెనక గేటు బయట నూడుల్స్ కొట్టు. ఆమెదీ ముస్లిం కుటుంబమే, అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు. మొదటిరోజు జైనప్ "ఆకు వెడల్పు నూడుల్స్ ఒక గిన్నె, మిరప ఎక్కువ" అన్న తీరు విని, "ఇది మా అవ్వ గొంతు!" అని కొట్టులోంచి బయటికి పరుగెత్తుకొచ్చిన మనిషి. అప్పట్నుంచీ కొట్టులో జైనప్ మీద జోకులు మొదలు. "ఏమే పురాతన వస్తువా, మ్యూజియం ఇవాళ సెలవా?" అంటుంది. "పెళ్ళికి రాకపోతే నీకు నూడుల్స్ బంద్" అంది. నిగోరానీ పాపనీ కూడా పిలిచింది.

జైనప్‌కి వెళ్ళాలని లేదు. నిగోరాయే లాక్కుపోయింది. "తిండి దగ్గర ఏడుపు మొహం పెట్టకు, పద. అక్షరాలు రెండు గంటలు ఆగితే చావవు."

నది ఒడ్డున పాత వాడలో ఇల్లు. వాకిట్లో పది బల్లలు వేశారు. ఒకవైపు నూనె మూకుడు సలసల కాగుతోంది, ఇంకోవైపు ఆవిరి గంపలు. పొరుగు ఆడవాళ్ళు తెల్లటి ముసుగులు వెనక్కి ముడేసుకుని గిన్నెలందిస్తున్నారు. విందుకి తొమ్మిది గిన్నెలు, మూడు వరసలు. ఎటునుంచి చూసినా మూడే వరసలు కనిపించాలి. కొత్తగా కాపురానికొచ్చిన ఒక కోడలు మొదటి బల్ల సర్దుతోంది. నడిమి పులుసు గిన్నె ముందే పెట్టేసింది. చుట్టూ చోటు చాలక టోఫు గిన్నెకి ఎదురుగా క్యాబేజీ పెట్టి, మాంసాన్ని పక్కకి తోస్తోంది.

"అయ్యయ్యో వదినా, అలా కాదు!" అంది జైనప్. అన్నాక గాని తను అన్నట్టు తెలియలేదు. అప్పటికే ఆమె చేతులు బల్ల మీదున్నాయి. గిన్నెలన్నీ ఎత్తేసింది. నాలుగు మూలలా నాలుగు మాంసం గిన్నెలు పెట్టింది. తరవాత వాకిళ్ళు, అంటే మూలకీ మూలకీ మధ్య గిన్నెలు. ఇటు టోఫు, దానికెదురుగా టోఫు. ఇటు క్యాబేజీ, దానికెదురుగా క్యాబేజీ. నడిమి చోటు ఖాళీగా ఉంచి, అతిథులు కూర్చునేదాకా ఆగి, అప్పుడు పొగలు కక్కే పులుసు గిన్నె తెచ్చి నడిమిన దించింది.

ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా మొదట కబురెళ్ళేది జైనప్ నానమ్మకే. బల్ల సర్దడంలో ఆవిడ మాటే చట్టం. జైనప్‌కి ఆరేళ్ళప్పుడు ఖాళీ గిన్నెలు ముందేసుకుని ఆవిడ నేర్పిన పాఠం ఇప్పటికీ చెవిలో ఉంది. "మూలలు ముందు. మూల కుదరని బల్ల కుంటి గొర్రె. తరవాత వాకిళ్ళు, అవి అక్కచెల్లెళ్ళు, ఒకదాన్నొకటి చూసుకోవాలి. నడిమిది ఆఖరున. చల్లారిన పులుసు ఎవరికే? నడిమికి ఏం పెట్టాలో తోచకపోతే కంగారుపడకు. చుట్టూ సర్దు. అదే చెబుతుంది."

వాకిట్లో మంచం మీద కూర్చున్న ముసలామె చేతికర్ర ఆనించుకుని లేచి వచ్చింది. బల్ల చుట్టూ ఒకసారి తిరిగింది. నాలుగు వైపుల నుంచీ చూసింది.

"ఎవరి పిల్లే ఇది?"

"విదేశీ పిల్ల అత్తా, చదువుకోడానికొచ్చింది" అంది తువో పిన్ని.

"విదేశీయా? నీ మొహం! మా అత్తగారు పోయాక ఇలా సర్దినవాళ్ళని నేను చూళ్ళేదు. మీరంతా ఇక్కడుండి మరిచిపోయారు, ఇది కొండలవతల పుట్టి గుర్తుపెట్టుకుంది. సిగ్గులేదూ మీకు?"

ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు. జైనప్ మాత్రం నవ్వలేదు. బల్ల వైపే చూస్తోంది. తొమ్మిది గిన్నెలు, మూడు వరసలు. గబగబా సంచీలోంచి గళ్ళకాగితం తీసింది. కాగితాన్నీ బల్లనీ మార్చి మార్చి చూసింది.

"అక్కా," అంది నిగోరా చెయ్యి గిల్లి. "అక్కా, ఇది బల్లే."

ఆ రోజు మిగతా తొమ్మిది బల్లలూ ఆమే సర్దింది. ప్రతి బల్ల దగ్గరా పెదాలు కదుపుతూ ఏదో గొణుక్కుంటోంది. పాపం, వడ్డించే మంత్రం కాబోలని ముసలామె "ఆమీన్" అంది.

ఆ తరవాత అక్షరాలు నేర్చుకునే తీరే మారిపోయింది. ప్రతి అక్షరాన్నీ జైనప్ బల్లగా చూసింది. మూలన ఏం కూర్చుంది, వాకిట్లో ఎవరు ఎవరికెదురుగా ఉన్నారు, నడిమిన ఏముంది. పెద్ద అక్షరానికి తొమ్మిది గిన్నెలూ నిండుతాయి, చిన్నదానికి మూడే. పక్కన పడే మూడు చుక్కలు వెనిగర్ చుక్కలు. పైన కూర్చునే గడ్డిపోచలు వెల్లుల్లి కాడలు. నోటికి గుర్తుగా వేసే చదరం మాంసపుండ పెట్టిన పళ్ళెం. పొద్దున్నే కొట్టులో తువో పిన్ని గోడ మీది పట్టికలో అక్షరాలు చూపించి, "ఏమే, ఇక్కడ మూలన ఏం వడ్డించారు?" అని పరీక్ష పెట్టేది. మధ్యాహ్నం బే గారు రాసి చూపించేవాడు, జైనప్ ఆయనకి పలకడం నేర్పేది. "తాతగారూ, అది అరుపు కాదు, మాట. పిల్లిని తోలినట్టు కాదు, పిలిచినట్టు."

గోడ కాగితం మీద నిగోరా గీస్తున్న గీత తల ఎత్తింది. మర్నాటికి పద్నాలుగు మిగిలాయి. తరవాత పదిహేడు. తరవాత ఇరవై. నిగోరా ఆ కాగితాన్ని ప్రయోగశాలలో స్నేహితులకి కూడా చూపించింది, ఫలితం నమ్మశక్యంగా లేదని.

ఆరోవారం పరీక్షలో "మా ఇంట్లో ఒక మనిషి" గురించి రాయమన్నారు. జైనప్ నానమ్మ గురించి రాసింది. డెబ్భై ఒక్క మార్కులొచ్చాయి. అరవై చాలు.

ఆ సంతోషం ఒక్కపూటే. మర్నాడు ఉదయం షెన్ గారు మార్కుల కాగితం పట్టుకుని తరగతికి వచ్చాడు.

"నాలుగోవారం తొమ్మిది. ఆరోవారం డెబ్భై ఒకటి. పదిహేను రోజుల్లో ఇంత పెరిగేది వరదనీరు ఒక్కటే." ఆయన చూపు పక్క కుర్చీ మీదికి జరిగింది. "నీ పక్కన కూర్చునే ఆయనకి తొంభై ఎనిమిది."

బే గారు లేచి నిలబడ్డాడు.

"అయ్యా... నేను ఇవ్వలేదు. ఆమె... చూడలేదు. చూసినా... కనబడదు." పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు. "నేను... లావు."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. షెన్ గారి మొహం మాత్రం మారలేదు. తాన్ టీచరు ఫ్లాస్కు మూత బిగించి బల్ల మీద పెట్టింది.

"అనుమానం ఉంటే బోర్డుంది, సుద్దముక్కుంది. మీకిష్టమైంది చదవండి సార్. తను రాస్తుంది." జైనప్ వైపు తిరిగింది. "రాస్తావుగా?"

ఆ క్షణంలో జైనప్‌కి కడుపునొప్పి రాలేదు. "రాస్తాను టీచర్" అని లేచింది.

షెన్ గారు చంకలోని ఆనాటి పేపరు తెరిచాడు. నదిలో నీటిమట్టం గురించి చిన్న వార్త, అరవై అక్షరాలు. ఒక్కో ముక్కా ఆపి ఆపి చదివాడు. బోర్డు మీద గళ్ళు లేవు. జైనప్‌కి అక్కర్లేదు. ప్రతి అక్షరానికీ ముందు గాలిలో బల్ల పరుచుకుంది. మూలలు. వాకిళ్ళు. నడుమ. సుద్ద టకటకలాడుతోంది.

ముప్ఫై నాలుగో అక్షరం దగ్గర టకటక ఆగింది. నాలుగు వైపులా తెలుసు, నడిమిన ఏముందో తోచలేదు. వెనక కుర్చీ కిర్రుమంది. మూడువారాల కిందట అయితే అక్కడే సుద్ద కింద పెట్టేసేది. ఇప్పుడు మూలలు పెట్టింది, వాకిళ్ళు పెట్టింది, నడుమ ఖాళీ వదిలేసి తరవాతి అక్షరానికి జరిగింది.

"అది వదిలేశావు" అన్నాడు షెన్ గారు.

"వస్తానండి" అంది జైనప్ తిరగకుండానే.

అరవయ్యోది ముగించి వెనక్కొచ్చింది. ఒకడుగు వెనక్కి వేసి, చేతికర్ర ముసలామె బల్లని చూసినట్టు ఆ అక్షరాన్ని చూసింది. చుట్టూ అన్నీ కుదురుగా ఉన్నాయి. లేనిదేదో ఇప్పుడు కొట్టొచ్చినట్టు కనబడుతోంది. మూడు గీతలు గీసి పక్కకి తప్పుకుంది.

షెన్ గారు బోర్డు దగ్గరికి వచ్చి వేలితో ఒక్కోటీ చూస్తూ వెళ్ళాడు. మూడుచోట్ల వేలు ఆగింది. ముప్ఫై నాలుగో దగ్గర ఆగలేదు.

"అరవైలో మూడు తప్పులు" అన్నాడు. పేపరు మడిచాడు. "తప్పులు కూడా నీవే. బే గారు ఇలాంటి తప్పులు చెయ్యరు."

వెంటనే తరగతంతా బల్లలు చరిచింది. బే గారు అందరికంటే గట్టిగా చరిచాడు. షెన్ గారు చెయ్యెత్తి ఆపాడు, వెళ్ళబోయి ఆగాడు.

"అందరూ ఎడమ నుంచి నింపుకుంటూ వస్తారు. నువ్వు నాలుగు మూలలా చూసుకుని మొదలుపెడుతున్నావు. ఎవరు నేర్పారు?"

"మా నానమ్మండి."

"ఆవిడ టీచరా?"

"కాదండి. ఆవిడకి ఒక్క అక్షరం రాదు."

అప్పుడు షెన్ గారు నవ్వాడు. చూసినవాళ్ళు ఇరవై ముగ్గురున్నారు.

మధ్యాహ్నం హాస్టలు మెట్ల మీద కూర్చుని జైనప్ ఇంటికి ఫోను చేసింది. "నానమ్మా, నిలబడ్డాను" అంది.

"నిలబడ్డమెందుకే, కూచో. తిన్నావా?"

"నానమ్మా, విను. సీటు పోలేదు. నువ్వు గిన్నెలతో నేర్పిందే ఇక్కడ సుద్దతో రాశాను."

అవతల నానమ్మ కోళ్ళని అదిలించింది. అదిలించి, "అయితే పులుసు చల్లారలేదన్నమాట" అంది.

ఆ ఆదివారం తువో పిన్ని కొట్టుకి సెలవు పెట్టి తొమ్మిది గిన్నెలు వండింది. ఎనిమిదీ తనే సర్ది, చేతులు తుడుచుకుని, "రావే పురాతన వస్తువా, నడిమిది నీది" అని పులుసు గిన్నె జైనప్ చేతికిచ్చింది.

ఇప్పుడు జైనప్ రెండో ఏడాది చదువుతోంది. ఈ సెప్టెంబరులో కిర్గిజ్‌స్తాన్ నుంచి ముగ్గురు దుంగాన్ పిల్లలు కొత్తగా వచ్చారు. ఇంటర్వ్యూ రోజున ఆ గది తలుపు దగ్గర ఆమే నిలబడింది. ఒక్కొక్కర్నీ చెయ్యి పట్టుకుని ఆపి, "లోపలికెళ్ళగానే చెప్పు, మాట వచ్చు, రాత రాదు అని. వాళ్ళు అడగరు. నువ్వే చెప్పు" అని చెప్పి గాని లోపలికి వదల్లేదు. ముగ్గురూ మొదటి తరగతిలో కూర్చున్నారు. వాళ్ళలో ఎవరికీ కడుపునొప్పి లేదు.

మొన్న ఒక సాయంత్రం ఆమె వంటగదిలోకి వచ్చేసరికి నిగోరా ఫ్రిజ్ ముందు నిలబడి ఉంది. ఫ్రిజ్ మీద కొత్త కాగితం, దాని మీద గీత. మెహ్రీకి మూడేళ్ళు నిండబోతున్నాయి, మాటలు పదకొండే. ఇంట్లో తజిక్, వీధిలో చైనీస్, వంటగదిలో రష్యన్. వచ్చిన ప్రతి మాటనీ తేదీ వేసి నిగోరా గీతలో పెడుతోంది. నెల రోజులుగా గీత కదల్లేదు. పాపని ఎదురుగా కూర్చోబెట్టి, "నీళ్ళు అను. అమ్మా, నీళ్ళు అను" అని రోజూ అడుగుతోంది. పాప పెదాలు బిగించేస్తోంది.

జైనప్ ఆ కాగితాన్ని చూసింది. బల్ల కింద కూర్చుని గిన్నెలు ఒకదానిలో ఒకటి పేర్చుకుంటున్న మెహ్రీనీ చూసింది. చేతులు కడుక్కుని, పిండి ముద్ద ముందేసుకుంది.

"అక్కా, నువ్వు నడిమి గిన్నె ముందు పెట్టేశావు" అంది. "మాట అడక్కు. దాంతో అన్నం తిను, స్నానం చేయించు, ఆడుకో, నీ పాటికి నువ్వు మాట్లాడుతూ ఉండు. మూలలు నిండనీ. నడుమ ఏముందో అదే చెబుతుంది."

ఆ సాయంత్రమే నిగోరా చేతులు, ఈ కథ రాస్తున్న ఈ చేతులే, ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీంచి తీసేశాయి.